సాక్ ఎవరి ఖాతాలో వేయాలి? క్వార్టర్‌బ్యాక్, అఫెన్సివ్ లైన్‌ల మధ్య తప్పు తేల్చే పద్ధతి

2025లో టెక్సస్ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అసోసియేటెడ్ ప్రెస్ పట్టికలో మొదటి ర్యాంకుతో సీజన్ మొదలుపెట్టింది. సీజన్‌కు ముందు ఆ జట్టుకు ఆ స్థానం దక్కడం అదే తొలిసారి. అక్టోబరు 4న ఫ్లోరిడా చేతిలో 29-21తో ఓడాక మొదటి పాతిక జట్లలోనే లేకుండా పోయింది. ఆ ఆటలో జట్టు తరఫున బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ ఆరుసార్లు సాక్ అయ్యాడు, అంటే బంతి విసరకముందే ప్రత్యర్థులు అతణ్ని పడగొట్టారు. ఇక వాదన మొదలైంది. తప్పు పెద్ద పేరున్న కుటుంబం నుంచి వచ్చిన కుర్రవాడిదా, అతని ముందు కాపలాగా నిలబడిన అయిదుగురిదా? ఆస్టిన్, డాలస్ ప్రాంతాల్లో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఈ ఆటకు అలవాటుపడిన తెలుగువాళ్లకూ ఈ వాదన కొత్త కాదు. టెక్సస్ అనే కాదు, అమెరికాలో ఏ కాలేజీ జట్టు తడబడినా శనివారం రాత్రి ఇదే తగవు నడుస్తుంది.

ఈ తగవును గొంతుతో కాకుండా లెక్కతో తేల్చుకోవచ్చు. కావలసింది ఆట రికార్డింగు, ఆపి మళ్లీ చూసే ఓపిక, ఒక నోటుపుస్తకం. మొత్తం పద్ధతికి ప్రశ్న ఒక్కటే: ఈ బంతిలో, అంటే బంతి అందుకున్నప్పటి నుంచి ఆగేదాకా జరిగే ఈ ఒక్క ప్రయత్నంలో, ఎవరు ముందు తప్పారు? సీజన్ మొత్తానికి ఒకే దోషిని వెతికితే దారి తప్పుతారు. ఒక్కొక్క బంతికీ జవాబు రాసుకుంటూ పోతే దోషి తనంతట తానే బయటపడతాడు. ఒక్కోసారి ఇద్దరు బయటపడతారు.

ముందుగా, ఎవరి పని ఏమిటి

అఫెన్సివ్ లైన్‌లో అయిదుగురు: మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, చివరల్లో టాకిల్స్. బంతి విసిరే ఆటలో వీళ్లు క్వార్టర్‌బ్యాక్ చుట్టూ కాపలా కాసే చోటే పాకెట్. బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను గీత (ఆ బంతి మొదలైన చోటు) వెనక పడగొడితే సాక్. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమవైపు నుంచి వచ్చేవాడు కనపడడు కాబట్టి ఎడమ టాకిల్‌కు అంత విలువ. ఎడమచేతి వాటమైతే ఇది తిరగబడుతుంది. 2023లో వాషింగ్టన్ జట్టులో మైకేల్ పెనిక్స్ వెనకవైపు కాసింది కుడి టాకిలే. వాటం చూడకుండా ఎడమ టాకిల్‌ను తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

స్కోరుపట్టీలో కనిపించని ఇంకో సంగతి. ఎవరు ఎవరిని అడ్డుకోవాలో స్నాప్‌కు (తాను బంతిని వెనక్కి అందించడానికి) ముందు సెంటర్ వేలు చూపి పిలుస్తాడు. చాలా జట్లలో క్వార్టర్‌బ్యాక్ ఆ పిలుపును మార్చగలడు. పిలుపు తప్పితే అయిదుగురూ తమ పని సరిగ్గా చేసినా ఒకడు తలుపు తీసినట్టు లోపలికి వచ్చేస్తాడు. క్రికెట్‌లో రనౌట్ అయిన బ్యాటర్ పేరు స్కోరుకార్డులో ఉంటుంది గాని, పరుగుకు తప్పు పిలుపు ఇచ్చింది ఎవరో ఉండదు. సాక్ కూడా అంతే.

మొదటి పని: స్కోరుపట్టీని సరిదిద్దండి

కాలేజీ లెక్కల్లో ఒక చిక్కుంది. సాక్‌లో పోయిన గజాలను పరుగు గజాల్లోంచి, అంటే బంతి పట్టుకుని పరుగెత్తి సంపాదించిన వాటిలోంచి, తీసేస్తారు. సాక్ అయిన బంతిని పరుగు ప్రయత్నంగానే లెక్కిస్తారు. వృత్తి లీగు అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వాటిని జట్టు పాసింగ్ గజాల్లోంచి తీసేస్తారు. ఈ తేడా తెలియక "మనవాళ్లకు పరుగే రాదు, లైన్ దండగ" అని తీర్పులు చెప్పేస్తుంటారు.

సరిదిద్దడం సులువు. ఒక ఊహాజనితమైన ఆట తీసుకుందాం. పట్టీలో 34 పరుగులకు 82 గజాలు అని ఉంది, అంటే సగటున 2.4. అందులో 5 సాక్‌లకు 38 గజాలు పోయాయనుకోండి. ఆ 5 ప్రయత్నాలను తీసేసి, 38 గజాలను తిరిగి కలిపితే 29 పరుగులకు 120 గజాలు, సగటు 4.1. అదే లైన్, అదే ఆట. ముందు లెక్క వాళ్లను చేతకానివాళ్లంది, రెండో లెక్క పరుగు ఆటలో ఫరవాలేదంటుంది. కాబట్టి జబ్బు పాస్ ఆటలో ఉంది, అక్కడ వెతకాలి.

ఇదే చిక్కు అవతలివైపూ పనిచేస్తుంది. ఫ్లోరిడా ఆటలో టెక్సస్ తరఫున అందరికంటే ఎక్కువగా పరుగెత్తింది మానింగే, 37 గజాలు. ఆరు సాక్‌ల నష్టం తీసేశాక కూడా క్వార్టర్‌బ్యాకే ముందున్నాడంటే, బంతి పట్టుకుని పరుగెత్తడమే పనిగా ఉన్న రన్నింగ్ బ్యాక్‌లకు దారి ఎంత ఇరుకుగా దొరికిందో ఊహించుకోండి.

రెండో పని: గడియారం పెట్టండి

ఫోనులో స్టాప్‌వాచ్ చాలు. బంతి సెంటర్ చేతిని వదిలిన క్షణం నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి మొదటి మనిషి చేరేదాకా కొలవండి. బంతి ముందే చేయి దాటితే అది దాటేదాకా కొలవండి. రెండున్నర సెకన్లు గీటురాయి. ఈఎస్‌పీఎన్ వృత్తి లీగులో లైన్‌మన్‌ల పనితీరు కొలిచేటప్పుడు కూడా 2.5 సెకన్ల పాటు ఎదుటివాణ్ని ఆపితే గెలిచినట్టే లెక్కిస్తుంది.

రెండు సెకన్లలోపే ఒత్తిడి వచ్చిందంటే క్వార్టర్‌బ్యాక్‌ను నిందించే ముందు చాలా ఆలోచించాలి. మూడు సెకన్లు దాటాక వచ్చిన సాక్‌ను లైన్ ఖాతాలో వేయడం అన్యాయం. నూట ముప్పై, నూట నలభై కిలోల మనిషిని అంతకంటే ఎక్కువసేపు వెనక్కి నడుస్తూ ఆపమనడం అత్యాశ. మధ్యలో మిగిలినవే వాదనకు పనికొచ్చే బంతులు. వాటికే తరువాతి ప్రశ్నలు.

ఒక జాగ్రత్త. కాలేజీ జట్లు స్క్రీన్ పాసులు, స్నాప్ కాగానే విసిరేసే చిన్న పాసులు బాగా వాడతాయి. వాటిలో బంతి ఒకటిన్నర సెకన్లలోనే వెళ్లిపోతుంది కాబట్టి లైన్ పనితనం తెలియదు. వాటిని పక్కన పెట్టి, క్వార్టర్‌బ్యాక్ నిజంగా వెనక్కి నడిచి వెతికిన బంతులనే లెక్కించండి. లేకపోతే "నలభై పాసుల్లో రెండే సాక్‌లు" లాంటి మాట విని లైన్‌కు దండ వేసేస్తారు.

మూడో పని: తలలు లెక్కపెట్టండి

స్నాప్ తరువాత బొమ్మ ఆపండి. మీదికి వస్తున్నవాళ్లు ఎందరు? అడ్డుకునేవాళ్లు ఎందరు? లైన్ అయిదుగురికి తోడు రన్నింగ్ బ్యాక్, టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి కాపలా కాయడం, పాస్ పట్టడం రెండూ చేసేవాడు) ఆగారా?

నలుగురు వస్తే, అయిదుగురు కాస్తుంటే, ఒకడు అంటకుండా వచ్చేశాడంటే తప్పు లైన్‌ది లేదా పిలుపుది. రక్షణ ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు అల్లుకుంటూ దారి మార్చే ఎత్తు వేస్తారు. పక్కపక్క లైన్‌మన్‌లు ఇద్దరూ ఒకడి వెంటే పడి రెండోవాణ్ని వదిలేయడం అక్కడే జరుగుతుంది. కొత్తగా కలిసి ఆడుతున్న లైన్‌కు ఇది సహజమైన జబ్బు. ఒక్కొక్కరూ మంచివాళ్లే అయినా పక్కవాడి అడుగు తెలియదు. బదిలీలు ఇంత సులువైన ఈ రోజుల్లో నాలుగు ఊళ్ల నుంచి వచ్చిన అయిదుగురు సెప్టెంబరులో తొలిసారి పక్కపక్కన నిలబడడం మామూలైపోయింది. టెక్సస్ సంగతి వేరు. వాళ్ల లైన్‌లో అంతకుముందు ఏడాది ఆడిన అయిదుగురిలో నలుగురు ఒక్కసారే వెళ్లిపోయారు. వాళ్లలో ఎడమ టాకిల్ కెల్విన్ బ్యాంక్స్‌ను ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు న్యూ ఆర్లీన్స్ డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే వరుసలో) తొమ్మిదో స్థానంలో తీసుకుంది. మిగిలింది గార్డు డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే.

అడ్డుకునేవాళ్లకంటే వచ్చేవాళ్లు ఒకరు ఎక్కువైతే కథ మారుతుంది. అయిదుగురు ఆరుగురిని ఆపలేరు. ఆ ఆరోవాడి బాధ్యత క్వార్టర్‌బ్యాక్‌ది. అతను స్నాప్‌కు ముందే వాణ్ని గుర్తించి, వాడు ఖాళీ చేసిన చోటికి వెంటనే బంతి విసరాలి. టీవీలో చూస్తే లైన్ చేతులెత్తేసినట్టే ఉంటుంది గాని, ఖాతాలో క్వార్టర్‌బ్యాక్ పేరే రాయాలి. రన్నింగ్ బ్యాక్ కాయవలసినవాణ్ని కాయకపోతే అతని పేరు. ఈ మూడోవాడి పేరు రాయడానికి ఒక గడి ఉంచుకోండి, తరచు పనిపడుతుంది.

నాలుగో పని: ఒత్తిడి ఏ దిక్కు నుంచి వచ్చిందో చూడండి

అంచు నుంచి వచ్చే ఒత్తిడికి మందుంది. టాకిల్ తన ప్రత్యర్థిని బయటి వలయంలో తిప్పి క్వార్టర్‌బ్యాక్ వెనకకు పంపేస్తాడు. క్వార్టర్‌బ్యాక్ రెండడుగులు ముందుకు వేస్తే వాడు వెనకనుంచి వట్టిచేతులతో వెళ్లిపోతాడు. ఆ అడుగు వేయకుండా ఇంకా వెనక్కి జరిగేవాడుంటాడు. గీతకు పది గజాల వెనక నిలబడితే ఏ టాకిలైనా కాపాడలేడు, వలయం నేరుగా అతని వీపు దగ్గరికే చేరుతుంది. ఇలాంటి సాక్‌లకు టాకిల్ తల వంచుకుని నడుస్తుంటే జాలేస్తుంది.

మధ్యలోంచి వచ్చే ఒత్తిడికి మాత్రం మందు లేదు. సెంటర్, గార్డులు వెనక్కి నెట్టబడితే ముందుకు వేయడానికి అడుగు చోటుండదు, చూపు ఆనదు, చేయి పూర్తిగా సాగదు. నా మట్టుకు నేను ఒక కాలేజీ లైన్‌ను తూచాలంటే టాకిల్స్‌కంటే ముందు గార్డులనే చూస్తాను. పేర్లు ఎవరికీ గుర్తుండవు గాని, జట్టు కుంటుపడేది ఎక్కువగా అక్కడే.

అయిదో పని: ఒత్తిడి లేని బంతులే అసలు పరీక్ష

ఈ ఒక్క పనికే ఓపిక ఉన్నా మిగతావి వదిలేయవచ్చు. ఎవరూ మీదికి రాని, పాకెట్ చెక్కుచెదరని బంతులను మాత్రమే వేరు చేయండి. చెత్త లైన్ ఉన్న జట్టుకూ ఆటకు పది, పదిహేను అలాంటివి దొరుకుతాయి. వాటిలో క్వార్టర్‌బ్యాక్ ఏం చేశాడు? ఖాళీగా ఉన్న రిసీవర్‌ను (పాస్ పట్టేవాణ్ని) చూశాడా? బంతి పరుగు తీసేవాడి ముందు పడిందా, వెనక పడిందా? పాదాలు లక్ష్యం వైపు తిరిగాయా, కదలకుండానే చేత్తో మాత్రమే విసిరాడా? ఇక్కడ సాకులు లేవు. లైన్ తన పని చేసింది, ఇక అంతా అతని చేతిలోనే.

2025 సెప్టెంబరు 13న టెక్సస్ సొంత మైదానంలో యూటెప్‌తో (ఎల్ పాసోలోని టెక్సస్ విశ్వవిద్యాలయం) ఆడింది. యూటెప్ భయపెట్టే జట్టేమీ కాదు. మానింగ్ 25 పాసుల్లో 11 మాత్రమే చేర్చాడు, మొత్తం 114 గజాలు. వరుసగా పది పాసులు నేలపాలయ్యాయి. గెలిచినా సొంత ప్రేక్షకులే ఈసడించారు. మూడు వారాల తరువాత ఫ్లోరిడాలో జరిగింది వేరు. అక్కడ ఆరు సాక్‌లు, రెండు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థులు పట్టేసిన పాసులు) ఉన్నా 29 పాసులకు 263 గజాలు వచ్చాయి. మొదటి ఆట ఖాతా ఎక్కువగా క్వార్టర్‌బ్యాక్ వైపు మొగ్గితే, రెండోది ఎక్కువగా లైన్ వైపు మొగ్గుతుంది. ఒకే జట్టు, ఒకే సీజన్. "తప్పు ఎవరిది" అని అడిగినవాడికి "ఏ ఆటలో" అని ఎదురు ప్రశ్న వేయాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. బాగా దెబ్బలు తిన్న క్వార్టర్‌బ్యాక్ ఎవరూ రాకపోయినా వస్తున్నట్టే ఆడతాడు. కళ్లు రిసీవర్లమీద కాక ఎదురుగా ఉన్న లైన్‌మీదికి దిగిపోతాయి, నిలబడవలసిన చోట నిలబడకుండా పరుగందుకుంటాడు. బొమ్మలో మచ్చలేని పాకెట్ కనిపిస్తుంది, తప్పు అతనిదే అనిపిస్తుంది. కాని మూలం మొదటి పావులో తిన్న మూడు దెబ్బలు. అందుకే ఒత్తిడి లేని బంతులను కూడా రెండు కుప్పలు చేయండి: మొదటిసారి గట్టిగా పడకముందువి, ఆ తరువాతవి. మొదటి కుప్పలోనే గురి తప్పుతుంటే క్వార్టర్‌బ్యాక్ సమస్య. రెండో కుప్పలోనే తప్పుతుంటే లైన్ చేసిన గాయం అతని ఆటలో కనిపిస్తోందన్నమాట.

ఇంకో చిన్న కొలత. మొత్తం ఎన్నిసార్లు ఒత్తిడి ఎదురైంది, అందులో ఎన్ని సాక్‌లయ్యాయి? అయిదింట ఒకటి చుట్టుపక్కల ఉంటే మామూలే. మూడింట ఒకటికి చేరితే అతను బంతిని పట్టుకు వేలాడుతున్నాడు. తప్పించుకోవడం, బయటికి విసిరేయడం, దగ్గరివాడికి అందించడం అతని పనులే.

పరుగు ఆట, పక్కవాళ్లు

సరిదిద్దిన పరుగు సగటు ఒక ఆధారం. ఇంకా మంచిది, రన్నింగ్ బ్యాక్‌ను మొదటి చేయి ఎక్కడ తాకిందో చూడటం. గీత వెనకే తాకుతుంటే లైన్ ఓడుతోంది. గీత దాటి రెండు మూడు గజాలు స్వేచ్ఛగా వెళ్లాకే తాకుతుంటే లైన్ బతికే ఉంది. గజం చాలినప్పుడు అది కూడా రాకపోవడం పెద్ద గుర్తు. అదే సీజన్ తొలి ఆటలో ఒహైయో స్టేట్ మీద టెక్సస్ టచ్‌డౌన్ గీతకు (దాటితే పాయింట్లు వచ్చే గీతకు) గజం దూరంలో నాలుగో, అంటే చివరి, ప్రయత్నం చేసింది. మానింగే బంతితో దూరబోయి ఆగిపోయాడు. ఆట 14-7తో పోయింది.

రిసీవర్లు తమ కాపలాదారుణ్ని వదిలించుకోలేకపోతే క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకునే ఉంటాడు, సాక్ పడుతుంది, లైన్ తిట్లు తింటుంది. దురదృష్టం ఏమిటంటే టీవీ కెమెరా రిసీవర్లను చూపించదు. తిరిగి వేసే దృశ్యాల్లో మైదానం చివర నుంచి తీసిన కోణం దొరికితే తప్ప ఇది తేలదు. అలాంటి బంతులకు "తెలియదు" అని రాయండి. ఆ గడి నిండినందుకు సిగ్గుపడనక్కరలేదు, మొత్తం నిండితేనే ఇబ్బంది.

ఆట పరిస్థితి కూడా చూడాలి. రెండు టచ్‌డౌన్‌లు వెనకబడ్డాక, మూడో ప్రయత్నంలో పన్నెండు గజాలు కావలసినప్పుడు, పాస్ వస్తుందని మైదానంలో అందరికీ తెలుసు. అప్పుడు రక్షణ ఆటగాళ్లు పరుగు సంగతి మరిచి నేరుగా దూకుతారు. ఆ బంతులను విడిగా లెక్కించండి. ఆ పన్నెండు గజాల అవసరం ఎలా వచ్చిందో కూడా చూడండి. ముందుగా కదిలినందుకో, పట్టుకున్నందుకో పడిన జరిమానా అయితే మూలం మళ్లీ లైన్ దగ్గరికే వెళుతుంది.

చివరి పరీక్ష: ఒకటి మారినప్పుడు ఏం జరిగింది?

కాలేజీ ఆటలో బదిలీలు ఎక్కువ కాబట్టి మనకు ఉచితంగా ప్రయోగాలు దొరుకుతాయి. లైన్ అలాగే ఉండి క్వార్టర్‌బ్యాక్ మారితే ఏమైంది? క్వార్టర్‌బ్యాక్ కొత్త లైన్ వెనకకు వెళితే సాక్‌లు అతని వెంట వెళ్లాయా, పాత ఊళ్లోనే ఉండిపోయాయా?

జాక్సన్ ఆర్నాల్డ్ కథ ఇందుకు సరైనది. 2024లో ఓక్లహోమాలో ఆడాడు. ఆ ఏడాది ఆ లైన్ గాయాలతో చెల్లాచెదురైంది, ముఖ్యమైన రిసీవర్లు వరుసగా గాయపడ్డారు. సౌత్ కరోలినా మీద ఒక్క ఆటలోనే జట్టు తొమ్మిది సాక్‌లు తిన్నది. ఆ మర్నాడే ఆటలు పిలిచే, అంటే ఏ బంతికి ఏ ఎత్తు వేయాలో చెప్పే, అఫెన్సివ్ కోఆర్డినేటర్‌ను తొలగించారు. ఆ సాక్ష్యం చూస్తే ఆర్నాల్డ్ నిర్దోషి అనిపిస్తుంది. 2025లో అతను ఆబర్న్‌కు మారాడు. సెప్టెంబరులో పాత జట్టు ఓక్లహోమా మీదే ఆడి 24-17తో ఓడాడు. ఆ రోజు కూడా పదే పదే పడగొట్టారు. కొత్త లైన్, కొత్త రిసీవర్లు, పాత జబ్బు. అంటే అతని వంతు కూడా ఉంది.

అంతటితో ఆగితే తప్పు. ఆబర్న్ అతణ్ని పక్కనపెట్టి ఆష్టన్ డేనియల్స్‌ను దించింది. నవంబరు 1న కెంటకీ మీద జట్టుకు వచ్చింది మూడే పాయింట్లు. మర్నాడు ప్రధాన కోచ్ హ్యూ ఫ్రీజ్‌ను తొలగించారు. వారం తిరిగేసరికి అదే డేనియల్స్, దాదాపు అదే బృందం వాండర్‌బిల్ట్ మీద అదనపు సమయం దాకా వెళ్లి 45-38తో ఓడారు. ఓడినా 38 పాయింట్లు! ఒక ఆటతో సిద్ధాంతం కట్టకూడదు, ప్రత్యర్థి కూడా వేరు. అయినా నిందితుల జాబితాలో ఆటలు పిలిచేవాడి పేరు చేర్చడానికి ఇది చాలు.

అన్నీ ఒకేసారి మారితే మాత్రం ప్రయోగం చెడినట్టే. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు షికాగోలో క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్ 2024లో 68 సాక్‌లు తిన్నాడు. మరుసటి ఏడాది బాగా తగ్గాయి గాని కోచ్ మారాడు, లైన్ మధ్యభాగం మారింది, అతనికీ ఒక ఏడాది అనుభవం వచ్చింది. ఎవరికి ఎంత కీర్తి పంచాలో ఎవరికి వారే పంచుకోవచ్చు.

ఖాతా చదవడం

కనీసం మూడు ఆటలు రాశాకే కూడిక వేయండి. ప్రత్యర్థుల్లో ఒకరైనా బలమైన రక్షణ ఉన్నవాళ్లు, ఒకరైనా బలహీనులు ఉండాలి. బలహీనులమీద కూడా రెండు సెకన్లలో పాకెట్ కూలుతుంటే లైన్ కేసు దాదాపు ముగిసినట్టే. బలహీనులమీద పాకెట్ నిలిచి, పాసులు మాత్రం తప్పుతుంటే క్వార్టర్‌బ్యాక్ కేసు ముగిసినట్టే. బలమైనవాళ్లమీద మాత్రమే అన్నీ కూలుతుంటే అది చాలా జట్లకు ఉండే మామూలు సంగతి, మీ జట్టుకు ప్రత్యేకంగా జబ్బేమీ లేదు.

ఖాతా తేలకపోతే కోచ్‌ను చూడండి. విలేకరుల ముందు అతను ఎవరినీ వేలెత్తి చూపడు, "అందరం మెరుగుపడాలి" అంటాడు. అతని ఆటల ఎంపిక మాత్రం దాచదు. టైట్ ఎండ్‌ను, రన్నింగ్ బ్యాక్‌ను కాపలాకే ఉంచేసి ఇద్దరు ముగ్గురు రిసీవర్లనే పంపుతుంటే లైన్‌మీద నమ్మకం పోయింది. క్వార్టర్‌బ్యాక్‌ను ఒక పక్కకు పరుగెత్తించి సగం మైదానమే చదివేలా చేస్తుంటే నమ్మకం పోయింది అతని చూపుమీద. బంతి త్వరగా వదిలించే చిన్న పాసులే పిలుస్తుంటే ఇద్దరిమీదా అనుమానమే. ఫ్లోరిడా ఓటమి తరువాతి శనివారం డాలస్‌లో ఓక్లహోమా మీద మానింగ్ 27 పాసుల్లో 21 చేర్చాడు, గజాలు మాత్రం 166. టెక్సస్ 23-6తో గెలిచింది. ఆపై శనివారం కెంటకీ మీద 27లో 12 మాత్రమే చేరాయి, అదనపు సమయంలో 16-13తో గట్టెక్కారు. నెల చివర మిసిసిపీ స్టేట్ మీద 346 గజాలు వచ్చాయి. ఆ మూడు ఆటల రికార్డింగులు ముందు పెట్టుకుని గడియారం పట్టండి, చేయి తిరగడానికి అంతకంటే మంచి అభ్యాసం దొరకదు.